పైన నిలబడే మనిషి

“ఇగెన్” అంది ఇలింకా, స్టూలు మీద నిలబడి, పళ్ళ మధ్య పరదా కొక్కేలు కరిచిపట్టుకుని, నవ్వుతూనే. ఇగెన్ అంటే అవును. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక తప్పు లేకుండా పలకడం వచ్చిన మాట అదొక్కటే, అందుకే దాన్ని పండగ పూట మిఠాయి పంచినట్టు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచుతూ వచ్చింది. అత్తగారు బోర్బాలా వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది, పొడవాటి వాక్యం, చివర కాస్త పైకి లేచింది కనక ప్రశ్నే అయి ఉంటుంది. ఒక చేతిలో కొవ్వొత్తి, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. జవాబు కోసం ఆగింది. జవాబు రాగానే ఎప్పుడూ చేయని పని చేసింది, దగ్గరికొచ్చి, తన చేతికి అందిన ఇలింకా చీలమండను అరచేత్తో రెండుసార్లు తట్టింది, గుర్రాన్ని మెచ్చుకున్నట్టు. ఆ తట్టు ఒళ్ళంతా పాకింది. పెళ్ళినాడు కూడా బుగ్గకి బుగ్గ ఆనించిందే గాని ఇలా తట్టలేదు. ఆమె వెనకాలే చారల పిల్లి సిర్మోష్ తోక నిటారుగా ఎత్తి, పెళ్ళి ఊరేగింపులో బాజావాడిలా, గుమ్మం దాటింది. అప్పుడు పొయ్యి మీద చారు ఇంకా చల్లగా ఉంది. ఇప్పుడు అది పొంగింది, మూత తీశాక అణిగింది, పక్కకి జరిపాక మీద సన్నటి నూనె పొర కూడా కట్టింది. అత్తగారు ఇంకా రాలేదు.

శ్మశానానికే వెళ్ళుంటుంది, ఇంకెక్కడికి వెళ్తుంది, రేపు సకల పునీతుల పండగ, ఊరంతా సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే రోజు, మామగారి సమాధి మీద ఆకులు ఊడ్చి రావాలని వెళ్ళుంటుంది, అక్కడ పక్క సమాధి ఊడ్చే మనిషి ఎవరో తగిలుంటుంది, ఇద్దరూ చీపుళ్ళ మీద గడ్డాలు ఆనించుకుని కబుర్లలో పడుంటారు. ఇలింకా రెండో పరదా ఎక్కించింది, కిందికి దిగి, దూరం వెళ్ళి, తల పక్కకి వంచి చూసుకుంది. తెల్లటి బట్ట మీద పసుపు పుచ్చపూలు, పుట్టింటి ఊరు బ్రయిలాలో అమ్మ కొనిచ్చిన బట్ట. తన పరదాలు. తన కిటికీ. సాయంత్రం లోరాంట్ స్తంభాలు ఎక్కి దిగి, కరెంటు తీగల తుప్పు వాసనతో, బూట్లు విప్పకుండానే తలుపు దగ్గర నిలబడి, “నా భార్య ఎక్కడ?” అని రెండు భాషల్లోనూ కేకేస్తాడు, ఆ కేక కోసం ఆమె ప్రతిరోజూ ఏదో ఒక గదిలో దాక్కుంటుంది, ప్రతిరోజూ దొరికిపోతుంది, ఇంత చిన్న ఇంట్లో దాక్కోవడానికి చోటెక్కడిది. ఎన్ని చిన్న సంతోషాలని, లెక్క పెడితే దిష్టి తగులుతుందేమో, నీలం రంగు ఎనామిల్ కుండ, రెండో తలగడ, పోస్టు కవరు మీద కొత్త ఇంటిపేరు. కిటికీ అవతల పొగ మాత్రం ఇవాళ బాగాలేదు. గొట్టంలోంచి బయటికొచ్చిన పొగ పైకి పోకుండా కప్పు మీంచి జారి, పెరట్లో నేల పట్టుకుని పాకుతోంది, తడిసిన గొర్రెలా. గాలి లేదు. వాన రాబోతూ రాకుండా కొండ భుజం మీద కూర్చుంది. పొగ నేల పట్టిన రోజు కొండ ఊపిరి వదులుతుంది అంటాడు లోరాంట్. అతను చాలా మాటలు అంటాడు, సగం ఆటపట్టించడానికే.

రొమేనియాలోనే పుట్టి రొమేనియాలోనే మెట్టినా, ఈ కొండల నడుమ ఊళ్ళలో ఇంటి మాట, చర్చి మాట, కుక్కని అదిలించే మాట అన్నీ హంగేరియనే. పెళ్ళి విందులో ఆ గొడవ ఉండనే ఉంది. లోరాంట్ వాళ్ళ డేనెష్ బాబాయి రేగిపళ్ళ సారా గ్లాసు పట్టుకుని లేచి, ఎప్పుడో పటాలంలో నేర్చుకున్న రొమేనియన్‌లో, “ఏ ఊరి నీళ్ళు తాగితే ఆ ఊరి మాట నాలిక మీదికి రావాలమ్మా కోడలా. రాకపోతే నీళ్ళు దండగ” అన్నాడు. అందరూ నవ్వారు, ఇలింకా అందరికంటే గట్టిగా నవ్వింది. నాన్న నవ్వలేదు. డాన్యూబ్ ఒడ్డున రేవులో క్రేను నడిపిన మనిషి, పైనుంచి కిందికి చూసి మాట్లాడటం అలవాటు. “మరి అరవై ఏళ్ళుగా ఈ దేశం నీళ్ళు తాగుతున్న మీ వదినగారికి మా మాట ఒక్కటీ రాలేదేం బాబాయిగారూ? ఆ నీళ్ళేమయ్యాయి?” అన్నాడు. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. ఎవరి గురించి మాటో తెలియని బోర్బాలా మాత్రం అందరి ముఖాలూ మార్చి మార్చి చూసి, నాన్న వైపు ఇంత క్యాబేజీ చుట్టలు జరిపింది, “తీసుకోండి” అన్నట్టు. అప్పుడు ఫిడేలు అతను తెలివిగా విల్లు ఎత్తాడు. తరవాత నాన్న ఫోనులో ఎన్నిసార్లు అనలేదు, “మన దేశంలో మనం ఉంటూ ఇంకొకళ్ళ భాష బట్టీ పట్టాలటే? వాళ్ళ కరెంటు బిల్లు ఏ భాషలో వస్తోంది, అడుగు నీ మొగుణ్ణి. ఆ తీగలు లాగేది అతనేగా.” అమ్మ వెనకనుంచి అరిచేది, “ముందు మీ అత్త నిన్ను తిట్టేది ఏ భాషలోనో అది నేర్చుకోవే, తక్కినవి తరవాత చూద్దాం!” ఎవరి మాటలో వాళ్ళకి న్యాయం ఉంది. ఆ న్యాయాల మధ్యన ఇలింకా తన పెళ్ళిని పట్టుకుని, పాలగిన్నె మోస్తున్నదానిలా, ఒలకకుండా నడుస్తూ వచ్చింది.

నేర్చుకోలేదా అంటే, మొదలు పెట్టింది. మొట్టమొదట నేర్చుకున్న వాక్యం ‘నెమ్ ఎర్తెమ్’, నాకు అర్థం కాలేదు అని, రైల్లో వస్తూనే నేర్చుకుంది, ఒక్కసారి కూడా వాడలేదు. ఎలా వాడుతుంది? వాడితే ఎదుటి ముఖం మీద దీపం కొంచెం తగ్గినట్టవుతుంది, మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి పాపం అనిపిస్తుంది. అవునంటే మాత్రం ముఖాలు వెలుగుతాయి. గంగిరెద్దులా తలూపితే చాలు, లోకమంతా మంచిదే. పక్కింటి పిరోష్కాకి ఊళ్ళో చిన్న కొట్టుంది, అక్కడికి వెళ్ళి ఇలింకా ఒక్కో మాటా కూడబలుక్కుని రొట్టె అడిగేలోపే, “కష్టపడకమ్మా తల్లీ, నాకు మీ భాష వచ్చులే” అని పిరోష్కా రొమేనియన్‌లోకి దూకేసేది. దయతోనే. దయతో మూసినా తలుపు తలుపే కదా. రాత్రి ఆ సంగతి చెబితే లోరాంట్ పక్క మీద దొర్లి నవ్వాడు. “మా భాష వస్తే మా వాళ్ళ చాడీలన్నీ నీకర్థమవుతాయే పిచ్చిదానా. ఇప్పుడు హాయిగా ఉన్నావుగా, ఉండు. నేనున్నాగా మధ్యలో, తీగలాగా.” ఎంత బాగుంది ఆ మాట, తీగలాగా. ఆ మాటని ఇద్దరి మధ్యా దుప్పటిలా కప్పుకుని నిద్రపోయింది. తీగ పగలంతా కొండ మీద ఉంటుందని, సిగ్నలు అందదని, ఇంట్లో మిగిలేది తీగకి చెరో కొసా అని అప్పుడు తోచలేదు.

అవునన్నందుకు వచ్చిపడినవి గుర్తొస్తే ఇప్పుడూ నవ్వొస్తుంది. ఒకసారి ఇగెన్ అంది, మర్నాడు బాతు ఈకల పరుపులు మూడు ఇంట్లోకి దిగాయి. ఇంకోసారి ఇగెన్ అంది, ఆదివారం చర్చి గాయకుల వరసలో తన పేరు చెప్పి నిలబెట్టారు, తెలియని పాటకి నోరు మాత్రం తెరిచి మూసింది, చేపలా. మరోసారి ఇగెన్ అంటే పెరట్లో ఎర్రకోడి మాయమై గిన్నెలో తేలింది, దాన్ని చూపించి అడిగిందన్నమాట, కోయనా అని. ఇలింకా ఆ కోడికి రోజూ గింజలు వేసేది. తినలేకపోయింది, అయినా తలూపుతూ తిన్నది. ఇప్పుడు నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఈ నెలల్లో ఇంకా వేటి వేటికి అవునందో. ఏయే మాటలకి ఈ ఇంట్లో తను కట్టుబడి ఉందో. పెదవి దాటిన అవును వెనక్కి రాదు, అది అవతలి మనిషి గుండెలోకి వెళ్ళి అక్కడ కాపురం పెడుతుంది, పరుపులు తెప్పిస్తుంది, కోడిని కోయిస్తుంది, ఇంకేం చేస్తుంది. ఇందాక చీలమండ మీద తట్టిన తట్టు ఇంకా అక్కడే ఉంది. దేనికి తట్టింది?

లోరాంట్ చెప్పిన ఇంకో అవును ఉంది. అది చెప్పినప్పుడు అతను నవ్వలేదు. రెండేళ్ళ కిందట మామగారిని పెద్ద ఊరి ఆసుపత్రిలో చేర్చారు, లోరాంట్ అప్పుడు దూరాన పనిలో ఉన్నాడు, బోర్బాలా ఒక్కతే పక్కన. డాక్టరు మంచి మనిషి, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ నెమ్మదిగా వివరించాడట, రొమేనియన్‌లో. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, “డా, డా” అంటూ తలూపిందట, అవును అవును, ప్రతి వాక్యానికీ. ఆయన ఆమె ధైర్యానికి మెచ్చుకుని భుజం కూడా తట్టాడట. ఆమె ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేసింది, రేగిపళ్ళు మాగిపోతున్నాయి, జాము కాచాలి, ఎల్లుండి వెళ్తే మనిషి లేచి కూర్చుంటాడు అనుకుంది. పెరట్లో రాగి గంగాళం ముందు తెడ్డు తిప్పుతుండగా కబురొచ్చింది. డాక్టరు చెప్పిందంతా ఆ రాత్రి దాటదు అనేనట. ఆ ఏడాది జాము సీసాలు ఇప్పటికీ ఎవరూ తెరవలేదు, అటక మీద వరసగా, నల్లగా ఉన్నాయి. “ఎందుకు డా అన్నావమ్మా అని ఒక్కసారి అడిగాను,” అన్నాడు లోరాంట్ చీకట్లో. “వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, అర్థం కాలేదనడానికి సిగ్గేసింది రా అంది. మళ్ళీ అడగలేదు.” ఇలింకా అతని తల గుండెలకి హత్తుకుని, అయ్యో అత్తయ్యా, అనుకుని ఏడ్చింది, నేర్చుకుని ఉండాల్సింది కదా అత్తయ్యా, ఇన్నేళ్ళున్నారు కదా, అనుకుంది. ఏడ్చి, అతని మెడ వాసనలో నిద్రపోయి, పొద్దున్నే లేచి, వంటింట్లో అత్తగారు ఏదో అడిగితే, ఇగెన్ అంది.

చారు పూర్తిగా చల్లారింది. లోరాంట్ ఫోను అందలేదు, అందదని తెలిసే చేసింది. ముందు గదిలోకి వెళ్ళి కిటికీలోంచి శ్మశానం దారి చూసింది, కొండ వాలు మీద తెల్లటి గీతలా సాగే దారి, చివర చెక్క కంచె. మనుషులున్నారు, నలుగురైదుగురు, చేతుల్లో చీపుళ్ళు, బుట్టలు, కాని అత్తగారి నల్ల తలగుడ్డ లేదు, కుడికాలు ఈడ్చే ఆ నడక లేదు. ఆ మధ్య ఒక ఆదివారం తనూ లోరాంటూ చేతిలో చెయ్యి వేసుకుని ఆ కంచె దాటి షికారు వెళ్ళారు, పెళ్ళయిన కొత్తలో శ్మశానం కూడా తోటలాగే ఉంటుంది, అక్కడ ఒక రాతి మీద ముగ్గురు అన్నదమ్ముల పేర్లు, ఒకదాని కింద ఒకటి, ముగ్గురికీ ఒకటే తేదీ. “యుద్ధమా?” అని అడిగింది. “కాదు, బంగాళాదుంపలు” అన్నాడు లోరాంట్. వెర్రి జోకు అనుకుని భుజం మీద కొట్టి నవ్వింది. అతను నవ్వాడా? గుర్తు లేదు. వాకిట్లోకి వచ్చింది. సమాధి మీద పెట్టడానికి కొనుక్కొచ్చిన చామంతులు బకెట్లో అలాగే ఉన్నాయి, కదపలేదు, తడి వాసన. అల్మారాలో సమాధుల కొవ్వొత్తుల పెట్టె కూడా అలాగే ఉంది, కట్టిన దారం ముడి విప్పలేదు. మరి చేతిలో పట్టుకెళ్ళిన కొవ్వొత్తి ఏది? కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది, గుమ్మం, చేతులు, అగ్గిపెట్టె, అది కొత్త కొవ్వొత్తి కాదు, పొట్టిది, పసుపు పచ్చది, పక్కకి కారి గడ్డకట్టినది, సొరుగులో దారపుండలతో పాటు దొర్లుతుండేది. ఎవరైనా మొగుడి సమాధి మీద సగం కాలిన కొవ్వొత్తి పెడతారా?

పొయ్యి పక్కన తీగ మీద గిన్నెలు తుడిచే ఎర్రగళ్ళ గుడ్డ ఆరేసి ఉంది. ఊరికే తీసి చేతికి చుట్టుకుంది, చేతులకి ఏదో ఒకటి కావాలి. ఈ గుడ్డతోనే కదూ అత్తగారు ఆ రోజు లోరాంట్‌ని కొట్టింది. ఆ రోజంటే వసంతంలో, పెళ్ళి మాట ఇంకా పైకి రాకముందు, మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు. ఎప్పుడూ పెదవి విప్పని ఆ మనిషి కొడుకుని, అంత మీసాలవాణ్ణి, తడిగుడ్డతో ముఖం మీదా మెడ మీదా ఎడాపెడా కొట్టి, ఏవేవో అరిచి, చివరికి అదే గుడ్డలో ముఖం దాచుకుంది. ఇలింకాకి ఒక్క మాటా అర్థం కాలేదు, ఎందుకింత కోపం, చిన్న ఆటకి, అనుకుంది. ఏమిటా ఆట? కట్టెల కొట్టం వెనక, గట్టులోకి తవ్విన నేలమాళిగ. లోరాంట్ తలుపు తీసి, “ఇక్కడ ఒక్కరే దిగకూడదు, తెలుసా? మా ఇంటి చట్టం కాదు, ఊరి చట్టం” అన్నాడు. ఈ కొండల కింద నేల ఊపిరి వదులుతుంది, పీలిస్తే మనిషిని చంపే ఊపిరి, రంగు లేదు, వాసన లేదు, గాలికంటే బరువు, పల్లం దొరికితే నీళ్ళలా నిలబడుతుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీను. అందుకని దిగేవాళ్ళు కొవ్వొత్తి మోకాలి దగ్గర పట్టుకుని దిగాలి, మంట చస్తే వెనక్కి. పైన గుమ్మంలో ఒకరు నిలబడి మాట్లాడుతూనే ఉండాలి, కిందివాళ్ళు ఊఁ కొడుతూనే ఉండాలి. “ఏం మాట్లాడాలి?” అని అడిగింది. “ఏదైనా. ఏ భాషైనా. గొంతు ఆగకూడదు అంతే. మా అమ్మానాన్నా ఇంట్లో నోరు విప్పేవాళ్ళు కాదు, ఊరి ముచ్చట్లన్నీ ఇక్కడే, ఆయన కింద, ఆవిడ పైన.” అతను వైను కోసం దిగాడు, ఆమె గుమ్మంలో నిలబడి బ్రయిలాలో ట్రాము ఆగే చోట్లన్నీ వరసగా చెప్పింది, ఒక్కోదానికీ ఊఁ అన్నాడు, ఊఁ, ఊఁ, ఎంత ముద్దుగా ఉంది, లోకంలో ఇలాంటి ఆచారం ఎక్కడైనా ఉందా అనుకుంది, అంతలో ఊఁ ఆగిపోయింది. కావాలని ఆపాడు వెధవ, ఏడిపించడానికి. ఆమె కెవ్వున అరిచింది, బోర్బాలా గుడ్డతో పాటు పరిగెత్తుకొచ్చింది.

బంగాళాదుంపలు. ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరు దిగారు, ఊఁ ఆగింది, అతని కోసం ఒకరు, అతని కోసం ఇంకొకరు. రేపటి క్యాబేజీ చుట్టలకి ఊరబెట్టిన క్యాబేజీ పీపా ఆ నేలమాళిగలోనే ఉంది. మామగారు పోయాక ఆ గుమ్మంలో పిరోష్కా నిలబడేది, ఇలింకాయే చూసింది, ఎందుకు నిలబడి వాగుతోందో అని కూడా అనుకోలేదు. ఇవాళ అత్తగారు పక్కింటి మనిషిని పిలవలేదు, ఇంట్లో మనిషి ఉండగా ఎందుకని. పైన నిలబడతావా అమ్మా, అని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగింది. అవునంటే, కాలు తట్టింది.

బకెట్ ఎప్పుడు కాలికి తగిలిందో తెలియలేదు, చామంతులు వాకిలంతా పడ్డాయి, పొగ చీలమండల దాకా ఉంది పెరట్లో, కట్టెల కొట్టం ఇంత పొడవా, రోజూ ఇంత పొడవుందా. నేలమాళిగ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చీకటి, పులిసిన క్యాబేజీ వాసన, తడిమట్టి వాసన, ఇంకేం లేదు, ఆ ఇంకేం లేకపోవడమే దాని వాసన. “అన్యుకా!” అని అరిచింది, లోరాంట్ వాళ్ళమ్మని పిలిచే పిలుపు, తను ఎప్పుడూ ధైర్యం చేయని పిలుపు. జవాబు లేదు. దిగకూడదు. కంచె వైపు తిరిగి పిరోష్కాని కేకేసింది, రండి, రండి అని ఏ భాషలో అరిచిందో తెలియదు. మళ్ళీ చీకటి వైపు తిరిగింది. మాట్లాడాలి. గొంతు ఆగకూడదు. వచ్చిన హంగేరియన్ మాటలన్నీ కొట్లో సరుకుల్లా ఆ చీకట్లోకి విసిరింది, రొట్టె, పాలు, ఉప్పు, ఒకటి రెండు మూడు, బాగుంది, ధన్యవాదాలు, శుభరాత్రి, మళ్ళీ రొట్టె. అయిపోయాయి. ఇంత తొందరగా అయిపోయాయి. ట్రాము ఆగే చోట్లు ఎత్తుకుంది, రేవు, చేపల బజారు, నీళ్ళ గోపురం, ఏడుస్తూ, ఒక్కోదాని తరవాతా ఆగి, వింటూ. నీళ్ళ గోపురం తరవాత ఏదో వినిపించింది. ఊఁ కాదు. గోడకి బట్ట రాసుకున్న చప్పుడు.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. మెట్ల సగంలో బోర్బాలా కూర్చుని ఉంది, వీపు గోడకి ఆనించి, పాడు కాలు ముందుకు చాపుకుని, తల పక్కకి వాలి. ఆమెకి ఒక మెట్టు కింద కొవ్వొత్తి నిలబెట్టి ఉంది, ఆరిపోయి. పాదాల దగ్గరే మంట చచ్చిందన్నమాట, మోకాలు సహకరించక లేవలేకపోయిందన్నమాట, పిలిచిందన్నమాట, ఎన్నిసార్లు పిలిచిందో, పైన మనిషి ఉందన్న నమ్మకంతో ఇంకెవరినీ పిలవకుండా కోడలినే పిలిచిందన్నమాట, ఇక్కడ కోడలు పుచ్చపూలు సరిచేసుకుంటూ ఉంది. ముసలామె చెయ్యి కొంచెం లేచింది, రావద్దని. “గడ్డం పైకెత్తు! ఊపిరి బిగబట్టు! వంగావా, చచ్చావే!” అని వెనకనుంచి పిరోష్కా అరుస్తూ ఇలింకా నడుం చుట్టూ ఉన్న ఏప్రన్ కట్లు రెండు చేతులా పట్టుకుంది. ఇలింకా గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి, కాళ్ళతో మెట్లు వెతుక్కుంటూ దిగింది, వంగకుండా చేతులు చాపి అత్తగారి చంకల కింద పట్టుకుంది, ఎంత బరువు, ఆ మనిషి ఇంత చిన్నది, ఇంత బరువేమిటి, లాగింది, వెనకనుంచి పిరోష్కా ఆమెని లాగింది, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పెరట్లో తడిగడ్డి మీద పడ్డారు.

బోర్బాలా పెదవుల మీది నీలం నెమ్మదిగా తగ్గింది, దగ్గింది, వాంతి చేసుకుంది, తరవాత కట్టెలు కొట్టే మొద్దుకి ఆనుకుని కూర్చుంది. ఇలింకా అప్పుడు చుట్టూ చూసింది. “పిస్ పిస్” అని పిలిచింది, తన భాషలో. తరవాత ఈ ఇంటివాళ్ళు పిలిచినట్టు, “సిట్స్ సిట్స్”. ఆ పిల్లికి రెండూ వచ్చు, ఈ ఇంట్లో రెండూ వచ్చిన ఆడప్రాణి అదొక్కటే అని లోరాంట్ వేళాకోళం చేసేవాడు. పిరోష్కా ఫోను దీపం వెలిగించి నేలమాళిగలోకి పట్టింది. మెట్లన్నిటికీ కింద, బంగాళాదుంపల గోనెల మధ్య, సిర్మోష్ ముడుచుకుని పడుకుని ఉంది, తోక ముక్కు మీద వేసుకుని. ఎవరూ దిగలేదు. దీపం ఆరిపోయాక కూడా ముగ్గురూ అటే చూశారు. అప్పుడే ఒక్కో చినుకూ మొదలైంది.

బోర్బాలా తల తిప్పి ఇలింకాని చూసింది. ఆ చూపులో కోపం ఉందో ఇంకేముందో, ఇలింకాకి తెలియలేదు. ఏదో చెప్పింది, బొంగురు గొంతుతో, పొడవాటి వాక్యం, చివర కాస్త పైకి లేచింది. ఇందాకటి వాక్యమే కావచ్చు, కాకపోవచ్చు. నా కొడుకుని కట్టుకోవడానికి నువ్వెవరివని కావచ్చు, ఇంట్లోంచి పొమ్మని కావచ్చు, దెబ్బ తగల్లేదు కదా అని కావచ్చు. పిరోష్కా ఇలింకా వైపు తిరిగి, దయగా, నోరు తెరిచింది.

“వద్దండీ. మీరు చెప్పకండి” అంది ఇలింకా.

నోట్లో ఆ పాత మాట సిద్ధంగా ఉంది, తియ్యగా, గుండ్రంగా, ముఖాలు వెలిగించేది. దాన్ని మింగింది. తడి ముఖం తుడుచుకుని, అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ, రైల్లో వస్తూ నేర్చుకున్న వాక్యం చెప్పింది.

“నెమ్ ఎర్తెమ్, అన్యుకా.”

బోర్బాలా ముఖం మీద ఏదీ వెలగలేదు. చాలాసేపు ఆ పిల్లని చూసింది, పరుపులూ, చర్చి పాటా, ఎర్రకోడీ, ఇన్నాళ్ళ అవునులన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నదానిలా. తరవాత ముసలామె చెయ్యి చాపి నేలమాళిగలో ఆరిపోయిన ఆ కొవ్వొత్తి ఉన్న వైపు వేలు చూపించి, ఒక్కో మాటా విడివిడిగా, మొదటి మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.